కోరింగ మడ అడవిని సరిగ్గా చూడటం ఎలా: పోటుపాటు లెక్క నుంచి నీటిపిల్లి అడుగుజాడ దాకా

కాకినాడ నుంచి యానాం రోడ్డు పట్టుకుంటే ఇరవై కిలోమీటర్ల లోపే కోరింగ. టిఫిన్ చేసి తీరిగ్గా బయల్దేరి, చెక్క వంతెన మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి, బోటెక్కి దిగి, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరితే అడవి చూసేశామనుకుంటారు చాలామంది. ఆ తర్వాత అందరూ అడిగే ప్రశ్న ఒకటే: “ఆకులూ బురదా తప్ప ఏమీ కనపడలేదేం?”

తప్పంతా వెళ్లిన వేళది. పోటు మీద వెళితే బురద నీళ్ల కింద ఉంటుంది, పీతలు కన్నాల్లో ఉంటాయి, కొంగలు ఇంకెక్కడో ఉంటాయి. అదే చోట నాలుగు గంటల తర్వాత నిలబడితే కాళ్ల కింద నేలంతా కదులుతూ కనిపిస్తుంది. కాబట్టి ఇక్కడ చెప్పే పనుల వరస మార్చకండి. మార్చితే సగం దక్కదు.

పులి కనపడుతుందా అనేవారికి ముందే చెప్పేద్దాం: లేదు. మడ అడవిలో పులిని చూడాలంటే బెంగాల్‌లోని సుందరబన్స్ వెళ్లాలి. మన రాష్ట్రంలో పులుల అభయారణ్యం నాగార్జునసాగర్ శ్రీశైలం. 2022లో ప్రత్తిపాడు చుట్టుపక్కల తిరిగిన పులి మెట్టవైపు తిరిగింది తప్ప మడల్లోకి రాలేదు. కోరింగలో పులి పాత్ర నీటిపిల్లిది, అంటే నీటి అంచున చేపలు వేటాడే ఫిషింగ్ క్యాట్‌ది. దాని జాడ ఎలా పట్టుకోవాలో 8వ అంశంలో ఉంది, కానీ నేరుగా అక్కడికి దూకకండి. బురద చదవడం రానివారికి పిల్లి జాడ దొరకదు.

1. వేళ కుదుర్చుకోవడం: పోటుపాటు లెక్క

మన తీరంలో రోజుకు రెండు పోట్లు (నీరు ఎక్కడం), రెండు పాట్లు (నీరు దిగడం). ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఈ రోజు పాటు 8:10కి అడుక్కి చేరితే రేపు 9 గంటలకు, ఎల్లుండి 9:50కి చేరుతుంది. రోజుకు 50 నిమిషాలు కలుపుకుంటూ పోతే వారం ముందే ఏ రోజు వెళ్లాలో తేలిపోతుంది.

లెక్క ఇలా వేయండి:

ఎ) కాకినాడ రేవుకు సంబంధించిన పోటుపాటు పట్టిక ఫోన్‌లో చూడండి. అందులో “తక్కువ నీరు” వేళ రాసుకోండి.

బి) పట్టికలోని వేళ సముద్రపు ఒడ్డుది. కోరింగ, గాడేరు పాయల్లో లోపలికి వెళ్లేకొద్దీ నీరు ఆలస్యంగా దిగుతుంది. ఎంత ఆలస్యమన్నది పాయను బట్టి మారుతుంది కాబట్టి ఊహించకండి. ముందురోజు సాయంత్రం బోటు నడిపేవారికి ఫోన్ చేసి “రేపు పాటు ఎన్నింటికి దిగుతుందండీ?” అని అడగండి. వాళ్ల మాట పట్టిక కంటే నమ్మకం.

సి) గేటు ఎన్నింటికి తెరుస్తారో, ఎన్నింటికి మూస్తారో కనుక్కోండి. పాటు అడుగు ఆ వేళల నడుమ పడాలి. తెల్లవారుజామున పడే పాటు ఎంత గొప్పదైనా మీకు పనికిరాదు.

డి) పాటు అడుక్కి చేరే వేళకు రెండు గంటల ముందే చెక్క వంతెన ఎక్కండి. నీరు దిగుతున్నకొద్దీ ఏది ముందు బయటికి వస్తుందో ఏది తర్వాత వస్తుందో చూడటంలోనే సగం విషయం ఉంది.

తిథి సంగతి: అమావాస్య, పున్నమి వెళ్లిన మర్నాడు, ఆ మర్నాడు పోటుపాట్లు పెద్దవి. అష్టమి దగ్గర చిన్నవి. కాకినాడ దగ్గర పెద్ద పాటుకైనా నీటి మట్టంలో తేడా సుమారు ఒకటిన్నర మీటర్లే. చిన్న పాటుకు పాయ అంచున పలచటి బురద గీత మాత్రమే తేలుతుంది. తిథీ వేళా రెండూ కలిసి రాకపోతే వేళకే మొగ్గు చూపండి. అష్టమినాటి పాటు అయినా నిండు పోటు కంటే మేలే.

రోజు వరస మాత్రం ఇలాగే ఉండాలి: నీరు దిగేటప్పుడు చెక్క వంతెన, నీరు తిరిగి ఎక్కేటప్పుడు బోటు. తిరగేస్తే అడుగంటిన పాయలో బోటు నేల తాకుతుంది, వెనక్కి తిప్పే వీల్లేక ఇంజను ఆపి కూర్చోవాలి.

2. ఏ నెలలో

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వలసపక్షులు ఉంటాయి, ఎండ తట్టుకోవచ్చు. మొదటిసారి వెళ్లేవారికి డిసెంబరు, జనవరి మంచివి.

మార్చి నుంచి మే దాకా వేడి, పైగా మడల్లో గాలి ఆడదు. చెట్ల పూత కోసమైతే ఈ కాలం తప్పదు. జులై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి పాయ గౌతమికి వరదనీరు వస్తుంది. పాయల్లో ఉప్పు తగ్గిపోతుంది, నీళ్లు ఎర్రబడతాయి, బురద మీది జాడలు ఉండవు. అక్టోబరు, నవంబరులో వాయుగుండం వార్త వింటే ప్రయాణం మానుకోండి. బోట్లు ఎలాగూ ఆపేస్తారు.

3. సంచిలో ఉండాల్సినవి

□ బైనాక్యులర్, 8×42 అయితే సరి. 10× పెద్దగా చూపిస్తుంది కానీ బోటు మీద బొమ్మ వణుకుతుంది.
□ 10× చేతి భూతద్దం. ఆకు అడుగు చూడటానికి ఇది లేకపోతే 6వ అంశం సగమే అవుతుంది.
□ 15 సెంటీమీటర్ల స్కేలు, 10 రూపాయల బిళ్ల ఒకటి. బిళ్ల అడ్డకొలత 27 మిల్లీమీటర్లు, జాడ పక్కన పెట్టి ఫొటో తీయడానికి.
□ నోట్‌బుక్, పెన్సిలు. పెన్ను రాత తడిస్తే చెదిరిపోతుంది.
□ తాగడానికి మనిషికి 2 లీటర్ల నీళ్లు. ఇవి కాక కళ్లు కడగడానికని విడిగా 1 లీటరు. ఎందుకో 10వ అంశంలో.
□ పొడుగు చేతుల చొక్కా, మాసిన ఆకుపచ్చో ఖాకీయో. తెలుపు, ఎరుపు వద్దు.
□ లేసులున్న పాత కాన్వాసు బూట్లు.
□ దోమల మందు. ఇంట్లోనే పూసుకుని రండి.
□ చెత్త వేసుకోవడానికి ఖాళీ సంచి.

ఇంట్లో వదిలేయాల్సినవి: స్పీకరు, డ్రోను, సెంటు, జంతువులకు వేద్దామనుకున్న తిండి.

గమ్‌బూట్ల గురించి ఒక మాట. చూడటానికి అవే సరైనవనిపిస్తాయి. కానీ మడ బురద మెత్తటి ఒండ్రు, పట్టి లాగుతుంది. బూటు బురదలో ఉండిపోతుంది, కాలు మాత్రం బయటికొస్తుంది. బిగించి కట్టిన కాన్వాసు బూటే నయం. అదైనా బోటు ఎక్కేటప్పుడు దిగేటప్పుడు అక్కరకొస్తుందని. అభయారణ్యంలో అనుమతి లేకుండా బురదలోకి దిగకూడదు.

4. అనుమతి

కోరింగను 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. చెక్క వంతెనకు, మామూలు బోటు షికారుకు గేటు దగ్గర టికెట్టు చాలు. పాయల లోపలికి, హోప్ ఐలాండుకు, కెమెరా ట్రాపు (జంతువు కదిలితే తానే ఫొటో తీసే కెమెరా) పెట్టడానికి అటవీశాఖ రాతపూర్వక అనుమతి కావాలి. జనవరి నుంచి మార్చి దాకా హోప్ ఐలాండు ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి కాబట్టి ఆ రోజుల్లో రాత్రి వెళ్లే మాట ఎత్తకండి.

కోనసీమ నుంచి వచ్చేవారు ఎదుర్లంక, యానాం వంతెన మీదుగా వస్తే దగ్గర.

5. చెక్క వంతెన మీద మొదటి పావుగంట: నిలబడటం

వంతెన ఎక్కగానే నడిచేస్తారు. ఇదే మొదటి పొరపాటు. మీ అడుగు చప్పుడు చెక్క గుంజల గుండా బురదలోకి దిగుతుంది, పది బారల దూరంలోని పీతకు మీరు వస్తున్నట్టు ముందే తెలిసిపోతుంది.

ఎ) జనం తక్కువున్న మలుపు చూసుకోండి. ఎండ మీ వెనక ఉండాలి.

బి) వంతెన చేతికమ్మీ మీద మోచేతులు ఆనించి కదలకుండా నిలబడండి. నీడ బురద మీద పడకుండా చూసుకోండి, నీడ కదిలినా అవి దాక్కుంటాయి.

సి) గడియారం చూడండి. అయిదు నుంచి ఏడు నిమిషాలు.

మొదట ఒక కన్నం అంచున రెండు పుల్లల్లాంటి కళ్లు లేస్తాయి. తర్వాత ఒక చిన్న డెక్క. ఆ తర్వాత పీత మొత్తం అడ్డంగా జారి బయటికొస్తుంది. మగదైతే ఒక డెక్క ఒంటికి మించి పెద్దది, రెండోది అన్నం మెతుకంత. పెద్ద డెక్కను పైకెత్తి దించుతుంటే ఎవరినో రమ్మని పిలుస్తున్నట్టుంటుంది. తినేది మాత్రం చిన్న డెక్కతోనే. ఆడదానికి రెండూ చిన్నవే, అందుకే రెండు చేతులా తింటూ మగదాని కంటే త్వరగా మేస్తుంది. అది బురదను నోట్లో పెట్టుకుని తినగలిగింది వడకట్టుకుని మిగిలింది చిన్న ఉండ చుట్టి కింద పడేస్తుంది. కన్నం చుట్టూ ఆవగింజంత ఉండలు పరుచుకుని కనిపిస్తే, ఆ ఉండలు తాజాగా తడిగా ఉంటే, కన్నంలో పీత ఉన్నట్టే.

పక్కనే నీటి అంచున ఒక చేప ఒడ్డుకెక్కి రొమ్ము రెక్కల మీద గెంతుతుంటుంది. ఒంట్లో తడి ఉన్నంతసేపూ బయటే ఉండగలదు. కళ్లు తల మీద ఉబికి ఉంటాయి. ఎండిపోకుండా మధ్యమధ్య ఒళ్లు పక్కకు దొర్లించి బురదలో తడుపుకుంటుంది. ఆ దొర్లింత ఒక్కటి చూశాక నడక మొదలుపెట్టండి.

6. చెట్టును గుర్తుపట్టే వరస

దూరం నుంచి అన్నీ ఒకే పచ్చదనం. అందుకే కొమ్మల్ని చూసి మొదలుపెట్టకండి. కింద వేళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి రండి: వేరు, ఆకుల అమరిక, ఆకు అడుగు, చివరికి కాయ. పేర్లు ఊరికో తీరుగా ఉంటాయి, ఒకే పేరు రెండు చెట్లకూ వాడతారు. గుర్తులు పట్టుకుంటే పేరు తర్వాత వచ్చి చేరుతుంది.

ముందు ఒక హెచ్చరిక. ఏ ఆకూ తుంచకండి. ముఖ్యంగా తిల్ల (దీని పాలు కళ్లకూ చర్మానికీ హాని) ఏదో తెలిసేవరకు చెట్టుకు చేయి తగలనివ్వకండి.

6.1 వేరు చూడండి

పెన్సిళ్లు నాటినట్టు బురదలోంచి నిటారుగా లేచిన సన్నటి వేళ్లు: మడ. ఇవి ఊపిరివేళ్లు. కింద నేలలో గాలి లేదు కాబట్టి పాటు వేళ వీటి మీది సన్న రంధ్రాల గుండా చెట్టు గాలి తీసుకుంటుంది.

అదే నిటారు వేరు మొదట్లో లావుగా, కొసన మొనదేలి మేకులా, ఇంకా ఎత్తుగా ఉంటే: కలింగ. కొమ్మలు కిందికి వాలి ఉంటాయి.

కాండం నుంచి గొడుగు కమ్మీల్లా వంగి నేలకు దిగిన ఊతవేళ్లు: పొన్న. 

బురదలోంచి లేచి మళ్లీ దిగిన, మోకాలు మడిచినట్టున్న వేళ్లు: తుడ్డుపొన్న జాతి.

ఇవేవీ లేకుండా నేల మీద పాముల్లా మెలికలు తిరిగిన వేళ్లు: తిల్ల అయ్యుండొచ్చు. చేయి జేబులో పెట్టుకోండి.

6.2 ఆకుల అమరిక

రెమ్మ మీద ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా? మడ, పొన్న, కలింగ జంటాకులవి. తిల్ల, గుగ్గిలం అనే ఇంకో మడ అడవి చెట్టు ఒకటి విడిచి ఒకటి. ఈ ఒక్క ప్రశ్నతోనే మడనూ తిల్లనూ విడదీయవచ్చు. కోరింగలో ఎక్కువగా కనిపించేవి ఆ రెండే కాబట్టి ఇది బాగా అలవాటు చేసుకోండి.

తిల్లకు ఇంకో గుర్తు: రాలేముందు ఆకు ఎర్రబడుతుంది. పచ్చటి గోడలో అక్కడక్కడ పండు మిరపకాయ రంగు ఆకులు కనిపిస్తే అది తిల్లే.

6.3 ఆకు అడుగు

వంతెన మీదికి వాలిన మడ రెమ్మ దొరుకుతుంది. తెంపకుండా ఆకును పైకి తిప్పి భూతద్దంతో చూడండి. పైన ముదురు పచ్చ, కింద బూడిద పూసినట్టు తెలుపు. ఎండ ఎక్కాక ఆకు మీద ఉప్పు పలుకులు మెరుస్తాయి. వేళ్ల దగ్గర కొంత ఉప్పును అడ్డుకున్నా లోపలికి వచ్చేది వస్తుంది, దాన్ని ఆకు ఇలా బయటికి నెడుతుంది. తెల్లవారి మంచు పడ్డ రోజు ఈ పలుకులు కరిగి ఉంటాయి, పదింటి తర్వాత చూడండి. గుగ్గిలం ఆకు మీద కూడా ఉప్పు ఉంటుంది, కానీ దాని ఆకు అడుగు తెల్లగా ఉండదు.

మడల్లో మూడు రకాలున్నాయి:

తెల్లమడ, అంటే అవిసెన్నియా మెరైనా. ఆకు కొస సూదిగా, అడుగు బూడిద తెలుపు. కాయ గుండ్రంగా, కాస్త నొక్కినట్టు.
నల్లమడ, అంటే అవిసెన్నియా అఫిసినాలిస్. ఆకు కొస గుండ్రం, అడుగు పసుపు కలిసిన పచ్చ. పువ్వు మిగతా రెండింటి కంటే పెద్దది, వాసన అంత బాగుండదు.
అవిసెన్నియా ఆల్బా. ఆకు సన్నం, కాయ మిరపకాయలా సాగి ఉంటుంది.

కాయ లేని రోజుల్లో తెల్లమడ, ఆల్బాల మధ్య తడబడటం మామూలే. “మడ, కాయ లేదు” అని రాసుకుని ముందుకు సాగండి. ఊహించి పేరు రాస్తే తర్వాత మీ నోట్‌బుక్‌నే మీరు నమ్మలేరు.

పొన్న ఆకు కొసన చిన్న ముల్లులాంటి మొన ఉంటుంది, అడుగున గోధుమరంగు చుక్కలు.

6.4 కాయ

పొన్న కాయ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి మునక్కాడలా వేలాడుతుంది. ఇందులోనూ రెండు రకాలు. మొలక అరమీటరు దాటితే ఉప్పుపొన్న, అంటే రైజోఫోరా మ్యుక్రొనాటా. అందులో సగమే ఉండి, పువ్వులు పొట్టి కాడ మీద రెండేసి ఉంటే రైజోఫోరా ఎపిక్యులాటా. తుడ్డుపొన్న మొలక పైన ఎర్రటి కిరీటంలా రక్షకపత్రాలు ఉంటాయి.

గుగ్గిలం కాయ కొమ్ములా వంగి ఉంటుంది. కలింగ కాయ చిన్న టమాటాలా ఉండి కొసన తోకలా ఒక పుల్ల మిగిలి ఉంటుంది.

6.5 చెట్ల కింద

ములుకుల అంచున్న ఆకులు, ఊదా పువ్వులు: అల్చి. పొరపాటున ఒరుసుకుంటే గీరుకుపోతుంది. గట్ల మీద పొట్టిగా, దళసరి సన్నాకులతో, ఎండాకాలం ఎర్రబడేది ఇలకూర. తీరగ్రామాల్లో దీన్ని వండుకుంటారు. అభయారణ్యంలో కోయకండి. పాయ అంచున నిలువెత్తు గుబుర్లుగా పెరిగేది దబ్బగడ్డి. ఈ గడ్డిని బాగా గుర్తుపెట్టుకోండి, నీటిపిల్లికి దాంతో పనుంది.

7. బురద చదవడం

జాడ చూడటానికి సరైన బురద ఎక్కడంటే, నీరు దిగి అరగంట నుంచి గంట అయిన చోట. మరీ తడి బురదలో అడుగు పడగానే అంచులు కూలిపోతాయి. ఎండిపోయిన దానిమీద అచ్చు పడదు. వేలితో నొక్కితే గుంట నిలిచే బురద కావాలి.

ఎండ ఏటవాలుగా పడే వేళ చూడండి. మిట్టమధ్యాహ్నం గుంటలో నీడ ఉండదు, జాడ కంటికి ఆనదు. సూర్యుడి వైపు తిరిగి చూస్తే గుంట అంచులు తేలి కనిపిస్తాయి.

జాడ కనపడ్డాక ఈ వరసలో అడగండి:

వేళ్లెన్ని? అయిదు, వాటి మధ్య పొర ఆనవాలు ఉంటే నీటికుక్క (ఆటర్). నాలుగైతే పిల్లో కుక్కో నక్కో.

గోళ్ల గుర్తులున్నాయా? కుక్కకూ నక్కకూ తప్పక ఉంటాయి. పిల్లికి మామూలుగా ఉండవు.

అరికాలి మెత్త వెనక అంచు ఎలా ఉంది? పిల్లికి మూడు వంపులు స్పష్టంగా ఉంటాయి.

అడుగు మొత్తం గుండ్రమా, పొడవా? పిల్లిది గుండ్రం. నక్కది పొడవు, నడిమి వేళ్లు రెండూ దగ్గరగా.

8. నీటిపిల్లి జాడ

2018లో కోరింగలో లెక్కించినప్పుడు 115 నీటిపిల్లులని తేలింది. అన్ని ఉన్నా పగలు కంటికి పడటం అరుదు, ఎందుకంటే వేట దాదాపు రాత్రే. అందుకే పిల్లిని చూస్తామనే ఆశతో కాక జాడ చూస్తామనే లెక్కతో వెళ్లండి.

8.1 ఎక్కడ వెతకాలి

పాయ మలుపుల్లో లోపలి వైపున నీరు నెమ్మదిస్తుంది, చేప ఒడ్డుకు దగ్గరగా వస్తుంది. పక్కనే దబ్బగడ్డి గుబురు ఉంటే ఇంకా మంచిది. పిల్లి నీటి అంచున కూర్చుని చేప కదిలేదాకా ఆగుతుంది, అవసరమైతే దూకి ఈదుతుంది. కాబట్టి జాడ గట్టు మీదకంటే నీటి గీతకు బెత్తెడు దూరంలో ఉంటుంది. వంతెన మీద నుంచో బోటులోంచో బైనాక్యులర్‌తో ఆ గీత వెంబడే చూడండి.

8.2 అందరూ పొరబడే చోటు

పిల్లి అడుగులో గోళ్లు పడవని చదువుకుని వచ్చినవారు నీటిపిల్లి జాడను కుక్కదని కొట్టిపారేస్తారు. నీటిపిల్లి గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు. మెత్తటి బురదలో వాటి మొనలు గుచ్చుకుంటాయి. కాబట్టి గోళ్లు కనిపించినా ఆగి అరికాలి మెత్త చూడండి. మూడు వంపులుండి అడుగు గుండ్రంగా ఉంటే అది కుక్క కాదు.

ఫొటో తీసే పద్ధతి: వంతెన పక్కనే చేయి అందేంత దూరంలో ఉంటేనే బిళ్ల పెట్టండి. బిళ్ల జాడ పక్కన, అదే మట్టంలో ఉండాలి. కెమెరా నిట్టనిలువుగా పైనుంచి. ఏటవాలుగా తీస్తే కొలత తప్పుతుంది. ఒకే అడుగు కాకుండా వరసగా మూడు నాలుగు అడుగులు పడేలా ఇంకో ఫొటో.

8.3 పెంట

నీటికుక్కలు గుంపుగా ఒకేచోట వేస్తాయి, అది పొలుసులతో నిండి నీచువాసన కొడుతుంది. పిల్లిది ఒంటరిగా, మెలి తిరిగి ఉంటుంది. పొలుసులతో పాటు ఎలుక వెంట్రుకలో పీత పెంకులో కనపడవచ్చు. ముట్టుకోకండి, పుల్లతో కూడా కదపకండి.

8.4 ఇంటి గట్టు మీద కనిపిస్తే

ఈ పిల్లి అభయారణ్యం దాటి రొయ్యల, చేపల చెరువుల గట్ల మీదికి కూడా వస్తుంది. డెల్టాలో “చిరుతపులి పిల్ల దొరికింది” అనే కబురు వచ్చినప్పుడల్లా ముందు నీటిపిల్లేమో చూడాలి. తేడాలు ఇవి:

తోక: నీటిపిల్లిది పొట్టి, ఒంటి పొడవులో మూడోవంతు. చిరుతది ఒంటి పొడవులో సగానికి పైనే.
మచ్చలు: నీటిపిల్లివి నిండు చుక్కలు, వీపు వెంట వరసల్లో. చిరుతవి పువ్వుల్లా మధ్యలో ఖాళీతో ఉంటాయి. మరీ చిన్న పిల్లల్లో ఈ తేడా మసకగా ఉంటుంది, అప్పుడు తోకనే నమ్మండి.
నుదురు: నీటిపిల్లికి నుదుటి నుంచి మెడ దాకా నల్లటి చారలు.
చెవి వెనక: నలుపు మధ్యలో తెల్ల చుక్క. ఇది చిరుతకూ ఉంటుంది కాబట్టి దీన్ని బట్టి తేల్చకండి.

చుక్కలేమీ లేక, కాళ్లు పొడవుగా, తోక కొసన నల్ల పట్టీలుంటే అది అడవిపిల్లి.

గడ్డి కోస్తుంటే నీటిపిల్లి కూనలు దొరికితే ఎత్తుకోకండి. తల్లి వేటకు వెళ్లి ఉంటుంది. కోత ఆపి, కుక్కల్ని కట్టేసి, దూరంగా జరిగి, అటవీ సిబ్బందికి చెప్పండి. పాలు పట్టడం, ఇంటికి తేవడం పిల్లకు చేటు, మీకు కేసు. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువిది.

9. బోటు మీద: పక్షులు

పాటు అడుక్కి చేరి నీరు తిరిగి ఎక్కడం మొదలయ్యాక బోటెక్కండి. అప్పటిదాకా దూరపు బురదమేటల మీద చెల్లాచెదురుగా ఉన్న పక్షుల్ని ఎక్కే నీరు ఒడ్డుకు తోస్తుంది. మీరు వాటి దగ్గరికి వెళ్లక్కర్లేదు, అవే మీ దగ్గరికి వస్తాయి.

బోటతనికి ముందే చెప్పుకోండి: “మలుపు ముందు ఇంజను తగ్గించండి, పక్షి కనపడితే దాని మీదికి పోనివ్వద్దు.” ఈ మాట చెప్పకపోతే మిమ్మల్ని సంతోషపెట్టాలని నేరుగా దాని మీదికే పోనిస్తారు.

ముందు గుర్తుపట్టాల్సినవి: ఇటుకరంగు ఒళ్లు, తెల్ల తల ఉన్నది గరుడపక్షి. తోక కొస గుండ్రం. మామూలు గద్దకు తోక చీలి ఉంటుంది. ఇంకా పెద్దదిగా, తెల్లటి కడుపుతో, బూడిదరంగు రెక్కలతో ఉంటే తెల్లకడుపు సముద్రపు గద్ద. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపించేది నత్తగుల్లకొంగ. పగలు కొమ్మల్లో నిద్రపోతూ ఎర్రకళ్లు తెరిచేది చింతొక్కు. లకుముకి పిట్టల్లో నల్ల టోపీ, నీలం వీపు, ఎర్ర ముక్కు, నారింజ కడుపు ఉన్నది చలికాలంలో మడల్లోనే చూడండి, ఊళ్లో చెరువుల దగ్గర అంతగా కనిపించదు.

కాకినాడ అఖాతం వైపు బురదమేటల మీద గుంపులు గుంపులుగా దిగే బూడిదరంగు ఉల్లంకుల్ని ఒక్కరోజులో విడదీయలేరు. మొదటిసారి ముక్కు ఒక్కటే చూడండి: కిందికి వంగిందా, పైకి లేచిందా, తిన్నగా ఉందా. కిందికి బాగా వంగి చాలా పొడవైతే కర్లూ. అంతవరకు చాలు.

10. ఇబ్బందులు వస్తే

తిల్ల పాలు: చర్మం మీద పడితే బొబ్బలు లేస్తాయి. కంట్లో పడితే మంట పుట్టి కొంతకాలం చూపు పోయే ప్రమాదం ఉంది. నలపకండి. పాయ నీళ్లు వాడకండి. విడిగా తెచ్చుకున్న మంచినీళ్లు ధారగా పోస్తూ కనీసం 15 నిమిషాలు కడిగి వెంటనే కంటి వైద్యుడి దగ్గరికి వెళ్లండి. చర్మాన్ని సబ్బుతో కడగండి. పాలంటిన చొక్కాతో ముఖం తుడుచుకోవద్దు. ఎండిన తిల్ల పుల్లలతో పొయ్యి వెలిగించినా పొగ కళ్లకు హాని.

బురదలో కాలు దిగబడితే: నిలువునా లాగితే ఇంకా పట్టేస్తుంది. ముందుకు వంగి ఏదైనా పట్టుకుని, మడమను అటూఇటూ కదుపుతూ గాలి వెళ్లనిచ్చి, మడమ ముందు వచ్చేలా లాగండి.

ఊపిరివేరు గుచ్చుకుంటే: మంచినీళ్లతో కడిగి, అదే రోజు టీటీ సంగతి డాక్టరును అడగండి. బురద గాయాలు త్వరగా చీము పడతాయి.

పాము కాటు: కట్టు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి.

11. నోట్‌బుక్ రాయడం

ఇంటికెళ్లాక గుర్తుతెచ్చుకుని రాద్దామనుకుంటే అన్నీ కలిసిపోతాయి. వంతెన మీదే రాయండి. ప్రతి నమోదులోనూ తేదీ, తిథి, పాటు అడుగు వేళ, నిలబడ్డ చోటు, చూసింది, సందేహం ఉండాలి. సందేహానికి విడిగా గడి ఉంచుకోవడం మరవకండి, రెండోసారి ఎక్కడ మొదలుపెట్టాలో అదే చెబుతుంది.

నమూనా: “బహుళ విదియ. పాటు అడుగు 3:40. రెండో మలుపు, ఎడమ వైపు. 2:15కి పీతలు బయట. మడ 6 చెట్లు, కాయ లేదు. తిల్ల 2, ఎర్రాకులు. నీటి గీత పక్కన గుండ్రటి అడుగులు 4, పెద్దది 4.5 సెం.మీ., గోళ్లు సన్నగా పడ్డాయి, మెత్తకు మూడు వంపులు. సందేహం: నాలుగో అడుగు తర్వాత జాడ గడ్డిలోకి పోయిందా, నీళ్లలోకి పోయిందా?”